ప్రహరీ బయటి కరెంటు

హిమగిరి ఆర్కేడ్‌కు ఐదు ఆకులు రావాల్సిందేనని అసోసియేషన్ తీర్మానం చేసిన రోజున నరసరావుపేటలో ఎండ నలభై దాటింది. అప్పటికింకా మార్చి నెల సగం కూడా కాలేదు. తీర్మానం చదువుతున్నంతసేపూ అధ్యక్షులు మన్నవ పట్టాభిరామయ్య గారు జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నారు.

ఆకులంటే విస్తరాకులు కావు. కరెంటు పొదుపు చేసే భవనాలకు హరిత భవన ప్రమాణ మండలి వారు ఇచ్చే ఇత్తడి ఆకులు. గుమ్మం పక్కన గోడకు బిగించుకుంటారు. సత్తెనపల్లి రోడ్డులో లోటస్ ప్లాజాకు మూడొచ్చాయి. వాళ్ళకు మూడొచ్చాక మనం నాలుగుతో సరిపెట్టుకుంటే ఏం మర్యాద? అందుకని ఐదు.

నాలుగంతస్తుల భవనం. కింద షాపులు. మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ, రెండో అంతస్తులో ఒక బీమా ఆఫీసు, ఆపైన రెండంతస్తులూ కాపురాలు. పడమటివైపు నిలువెల్లా అద్దం. సహజమైన వెలుతురు కోసమని పెట్టారు. వెలుతురు వెంట ఎండ కూడా వస్తుందని ఆ కట్టినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. వేడికి తాళలేక అందరూ దళసరి పరదాలు వేసుకున్నారు. పరదాలు వేశాక చీకటయిందని పట్టపగలు లైట్లు వేసుకున్నారు. అద్దానికి ఒక మార్కు, పరదాలకు ఒక మార్కు వస్తాయని కమిటీ అప్పుడే లెక్క కట్టుకుంది.

కింద మొదటి షాపు నూతక్కి భ్రమరాంబది. పిండి మర, కారం మర. నిజం చెప్పాలంటే ఆ స్థలమే ఆమెది. మామగారి కాలంనాటి రేకుల షెడ్డులో మర ఆడించుకుంటూ ఉంటే, బిల్డరు వచ్చి బతిమాలాడు. మొగుడు పోయిన మనిషి, వెనకాముందు ఆలోచించుకుని, "రోడ్డుమీదికి మొదటి షాపు నాకిచ్చి, నా మర నేను చచ్చేదాకా ఆడనిస్తానంటేనే సంతకం" అన్నది. బిల్డరు సరేనన్నాడు. సంతకం పెట్టించుకునేటప్పుడు బిల్డరు దేనికైనా సరేనంటాడు.

పేరుకు పిండి మరే అయినా ఆమెను బతికించేది కారమే. కొత్త మిరపకాయలొచ్చే ఫిబ్రవరి నుంచి ఆవకాయల దాకా ఆ మూడు నాలుగు నెలలే ఆమెకు ఏడాది. భ్రమరాంబ ఆడించిన కారం ఎర్రగా, పట్టుకుంటే వేళ్ళకు అంటుకునేలా ఉంటుందని చుట్టుపక్కల పది ఊళ్ళ నుంచి బస్తాలు తెచ్చుకునేవాళ్ళు. పక్క వీధిలో ఇంకో మర ఉన్నా, ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఈమె దగ్గరే వరసలో కూర్చునేవాళ్ళు.

ఆకుల పని మీద హైదరాబాదు నుంచి ప్రద్యుమ్న అనే కన్సల్టెంటు దిగాడు. పాతికేళ్ళవాడు, మంచివాడే. చేతిలో తుపాకీలాంటి పరికరం ఒకటి పట్టుకుని ప్రతి గోడకూ గురిపెట్టి వేడి కొలిచాడు. భ్రమరాంబ షాపు ముందుకు రాగానే అది కుయ్యోమని మొత్తుకుంది. ఆ సాయంత్రమే పట్టాభిరామయ్య గారు షాపుకు వచ్చారు. ఆయన రిటైరైన ఇంజనీరు. ఉద్యోగం ఆయన్ని వదిలిపెట్టింది గాని, ఆ భాష వదిలిపెట్టలేదు.

"అమ్మా భ్రమరాంబా, మీ షాపు ఈ భవనం తాలూకు సమగ్ర విద్యుత్ పనితీరు సూచికను తీవ్రంగా ప్రభావితం చేస్తున్నది. మొత్తం వినియోగంలో ముప్పై ఎనిమిది శాతం ఒక్క మీ నుంచే ఉత్పన్నమవుతున్నది."

"నా నుంచి కారమే వస్తది బాబాయి గారూ. ఇంకేం ఉత్పన్నం కాదు."

"హేతుబద్ధీకరణ చేసుకోవలసి ఉంటుందని మనవి."

"అంటే ఏంది?"

"అంటే... మర ఆడించకుండా మర నడుపుకోవాలి."

పక్క షాపులో బట్టలు కుడుతున్న ఖాజావలి నవ్వు ఆపుకోలేక కుట్టు మిషను జోరుగా తొక్కాడు. భ్రమరాంబకు మాత్రం నవ్వు రాలేదు. ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. సీజను ఇంకా సగం కూడా కాలేదు.

ముందుగా మిగతావాళ్ళ భరతం పట్టారు. ప్రతి గదికీ సెన్సర్లు బిగించారు. మనిషి కదిలితే లైటు వెలుగుతుంది, కదలకపోతే ఆరిపోతుంది. మొదటి రోజే బీమా ఆఫీసు చీకటైపోయింది. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా అక్కడ ఎవరూ కదల్లేదని సెన్సరు నమోదు చేసింది. పదకొండుమందిమి ఉన్నామయ్యా అని మేనేజరు హాజరు పట్టీ తెచ్చి చూపించాడు. సెన్సరు ఒప్పుకోలేదు. చివరికి బల్ల ఫ్యానుకు ఎర్ర చీరపేలిక ఒకటి కట్టి సెన్సరుకు ఎదురుగా పెట్టుకున్నారు. పేలిక ఊగుతున్నంతసేపూ ఆఫీసులో పని జరుగుతున్నట్టే లెక్క. సాయంత్రం పోయేటప్పుడు ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచేది కాదు, అందుకని లైట్లు తెల్లవార్లూ వెలిగేవి. పళ్ళ డాక్టరమ్మకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. ఆమె పన్ను పీకేటప్పుడు రోగులు కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఇన్నాళ్ళకు ఒకందుకు పనికొచ్చింది.

తర్వాత లిఫ్టు. మనిషిని పైకి మోయడానికి కరెంటు కావాలి, దిగడానికి భూమ్యాకర్షణ చాలు అని కమిటీ కనిపెట్టింది. కనుక లిఫ్టులో దిగవచ్చు, ఎక్కరాదు. దిగాలంటే అది ముందు పైకి పోవాలి కదా అని ఎవరో అడిగారు. "ఖాళీగా పోవును" అని తీర్మానంలో రాశారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు రొప్పుతూ మెట్లెక్కుతూ ఉంటే, పక్కనే ఖాళీ లిఫ్టు హాయిగా పైకి పోతూ ఉండేది.

ఇంత చేసీ తగ్గింది తొమ్మిది శాతం. ఐదు ఆకులకు ఎనభై తగ్గాలి. కమిటీ మళ్ళీ కూర్చుంది. షాపువాళ్ళంతా రావాలన్నారని భ్రమరాంబ కూడా వెళ్ళి వెనకవరసలో కూర్చుంది. అప్పుడు ప్రద్యుమ్న మండలివారి నియమావళి తిరగేస్తూ తిరగేస్తూ నూట పన్నెండో పేజీ దగ్గర ఆగాడు.

"సార్, ఇక్కడొక మాట ఉంది. భవన వినియోగమనగా భవన సరిహద్దు లోపల జరుగు వినియోగము."

"సరిహద్దు అనగా?" అన్నారు పట్టాభిరామయ్య గారు.

"ప్రహరీ గోడ సార్."

"మరి ప్రహరీ బయట జరిగేది?"

"అది మన లెక్కలోకి రాదు సార్. ప్రకృతిలో జరిగినట్టు."

గదిలో ఎవరూ కదల్లేదు. సెన్సరు లైటార్పేసింది. ఆ చీకట్లో పట్టాభిరామయ్య గారి గొంతు వినిపించింది: "పక్కన ఖాళీ స్థలం ఎవరిది?"

ఆ స్థలం ఎవరో గుంటూరాయనది. అడిగితే వాడుకోమన్నాడు. అక్కడ నాలుగు కర్రలు పాతి టార్పాలిన్ కట్టారు. డీజిల్ జనరేటరు ఒకటి తెచ్చిపెట్టారు. మర్నాడు మధ్యాహ్నం భ్రమరాంబ వచ్చేసరికి షాపు ఫ్యూజు పీకేసి ఉంది. పట్టాభిరామయ్య గారు ఫ్యూజును కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని నిలబడ్డారు.

"షాపు మీదేనమ్మా, దాన్ని ఎవరూ కాదనలేదు. మర మాత్రమే తాత్కాలికంగా బహిర్గతం చేస్తున్నాం."

"మర లేని షాపుని నేనేం చేసుకోను? అద్దంలో మొకం చూసుకోనా? నా స్థలమిచ్చి నేను రోడ్డున పడాల్నా?" అన్నది భ్రమరాంబ. కోపమొచ్చింది, దుఃఖమొచ్చింది, రెండిట్లో ఏది ముందు బయటికొస్తుందో తెలియక మర బెల్టు విప్పడం మొదలుపెట్టింది. వరసలో కూర్చున్న వాళ్ళు తమ బస్తాలు తామే ఎత్తుకుని టార్పాలిన్ కిందికి నడిచారు. ఖాజావలి మిషను వదిలిపెట్టి మర మోయడానికి చెయ్యి వేశాడు.

"ఊరుకో అక్కా. పదడుగులే కదా. కారం ఎక్కడాడినా కారమే."

అది మాత్రం నిజం కాదు. మరకు నిలకడగా కరెంటు కావాలి. జనరేటరు ఒకసారి గుర్రుమని లేచి, ఒకసారి ముక్కుతూ మూలుగుతూ ఉండేది. మోటారు వేగం ఎక్కువైతే కాయలు మాడేవి, తగ్గితే గింజ నలిగేది కాదు. నాలుగో రోజు రొంపిచెర్ల నుంచి వచ్చిన ముసలమ్మ తన కారం వేళ్ళతో నలిపి చూసుకుంది.

"ఏందే భ్రమరా, నల్లబడింది? దీంతో ఆవకాయ పెడితే నా కోడలు నన్నే ఊరేస్తది."

భ్రమరాంబ తలెత్తలేకపోయింది. పాతికేళ్ళుగా ఆమె మొహం మీద ఎవరూ అనని మాట అది. ముసలమ్మ మిగతా కాయలు మూట కట్టుకుని పక్క వీధి మరకు పోయింది. వారంలో వరస సగానికి సగం పోయింది.

ఇంతలో పడమటి గాలి తిరిగింది. షాపులో ఆడించినప్పుడు నాలుగు గోడల మధ్య ఉండే కారం ఇప్పుడు టార్పాలిన్ కింద నుంచి లేచి నేరుగా హిమగిరి ఆర్కేడ్ కిటికీల్లోకి పోయింది. మూడో అంతస్తులో తుమ్ము మొదలైతే నాలుగో అంతస్తులో ముగిసేది. అందరూ కిటికీలు మూసుకున్నారు. కిటికీలు మూస్తే ఉక్క. ఉక్కకు ఏసీలు వేశారు. మీటరు మళ్ళీ పరుగెత్తింది.

"ఏసీ వాడువారు సరిహద్దు బయట వాడుకొనవలెను" అని కమిటీ నోటీసు పెట్టింది.

ఏసీని బయట ఎట్లా వాడతారో ఎవరికీ తెలియలేదు, కాని షామియానా వేసుకుని కూలర్లు పెట్టుకోవచ్చని బీమా మేనేజరుకు తోచింది. ఆఫీసు ఆఫీసంతా కదిలింది. చీరపేలిక ఫ్యానును కూడా తెచ్చుకున్నారు, అలవాటైపోయిందని. పళ్ళ డాక్టరమ్మ కుర్చీ వచ్చింది. ఖాజావలి ఇస్త్రీపెట్టె వచ్చింది, దాని వెంట ఖాజావలీ వచ్చాడు. అటు తర్వాత కాపురాలవాళ్ళ వంతు. ఫ్రిజ్‌లు వరసగా నిలబెట్టి ఫ్లాటు నంబర్లు రాశారు. మజ్జిగ కావాలంటే నాలుగంతస్తులు దిగి, గేటు దాటి, చుట్టూ తిరిగి రావాలి. మిక్సీలకు ఒక బల్ల, టీవీలకు ఒక పందిరి. పొద్దున పచ్చడి రుబ్బుకోవడానికి వచ్చినవాళ్ళు సాయంత్రం సీరియల్ చూసి, ఇక ఎందుకు ఎక్కడమని అక్కడే మడత మంచాలు వేసుకున్నారు. ఒక జనరేటరు చాలక మూడు పెట్టారు. ఆ మోతకు ఒకరితో ఒకరు సైగలతో మాట్లాడుకునేవాళ్ళు. నల్లటి పొగ లేచి హిమగిరి ఆర్కేడ్ అద్దాలకు పట్టింది. దానివల్ల లోపలికి ఎండ తగ్గిందని ప్రద్యుమ్న ఇంకో మార్కు రాసుకున్నాడు.

భవనం లోపల పట్టాభిరామయ్య గారొక్కరే మిగిలారు. ధర్మపత్ని కూడా ఫ్రిజ్ వెంట బయటికి వచ్చేసింది. ఆయన తాటాకు విసనకర్రతో నాలుగంతస్తులూ పహరా తిరుగుతూ, గంటకోసారి మీటరు ముందు నిలబడి, అది కదలకపోవడం చూసి పులకించిపోయేవారు.

ఏప్రిల్ మొదటి వారంలో మండలివారి పరిశీలకుడు వచ్చాడు. లోపలి చల్లదనం పోకూడదని ఇంజను ఆపకుండానే కారును ప్రహరీ బయట నిలిపి, లోపలికి వచ్చాడు. మీటరు చూశాడు. గదులు చూశాడు. గాలి పీల్చి రెండుసార్లు తుమ్మాడు.

"అద్భుతం. శూన్య వినియోగానికి ఇంత సమీపంగా వచ్చిన భవనాన్ని నా సర్వీసులో చూడలేదు. నివాసితులు?"

"సరిహద్దు బయట ఉన్నారు సార్."

"మంచి పని చేశారు. ఏ భవనానికైనా అసలు సమస్య వాళ్ళే. ఆ మోత ఏమిటి?"

"పక్క స్థలం సార్."

"పక్క స్థలం మన పరిధిలోకి రాదు," అన్నాడాయన. అన్నాక ఆ మోత ఆయన చెవులకు కూడా వినిపించడం మానేసినట్టుంది.

ఐదు ఆకులూ ఇచ్చేశారు. గోడకు బిగించడానికి డ్రిల్లింగు మిషను కావాల్సివచ్చింది. లోపల ప్లగ్గులో పెడితే వినియోగమవుతుందని పక్క స్థలంలో జనరేటరు నుంచి వైరు లాగారు. ఫొటోలు తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. భ్రమరాంబ కొట్టలేదు. జనం పలచబడ్డాక పట్టాభిరామయ్య గారి దగ్గరికి వెళ్ళింది.

"ఆకులొచ్చినయ్ కదా బాబాయి గారూ. నా ఫ్యూజు నాకియ్యండి."

"అదెలా కుదురుతుందమ్మా? ఐదేళ్ళ పాటు ఈ స్థాయిని పరిరక్షించాలి. తదుపరి పరిశీలన వరకూ ఇదే స్థితి."

"అయిదేళ్ళా!" భ్రమరాంబ ఆయన దారికి అడ్డంగా నిలబడింది. "ఇంకో నెల ఇట్టా ఆడిస్తే నా కాడికి కాకి కూడా రాదు. ఈ సీజను పోతే నేనేం తిని బతకాల?"

"మీ త్యాగాన్ని వార్షిక నివేదికలో సముచితంగా ప్రస్తావిస్తాం."

ఆ రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. తెల్లారాక ప్రద్యుమ్న టార్పాలిన్ దగ్గరికి వచ్చాడు. పని అయిపోయింది, బస్సుకు ఇంకా టైముంది. భ్రమరాంబ స్టూలు వేసి, టీ తెప్పించి, ఎదురుగా కూర్చుంది.

"బాబూ, ఆ నూట పన్నెండో పేజీ ఇంకోసారి చదువు."

చదివాడు.

"ఇది మేడలకేనా, ఏదానికైనానా?"

"పైకప్పు, సరిహద్దు ఉన్న ఏ నిర్మాణానికైనా మేడమ్."

భ్రమరాంబ తలెత్తి టార్పాలిన్ వంక చూసింది. "పైకప్పుంది. సరిహద్దు మాత్రమే లేదు. ఖాజా! ఆ నాపరాళ్ళ ఆయనకు ఫోను కొట్టు."

పల్నాడులో నాపరాళ్ళకు కరువా? మధ్యాహ్నానికల్లా బండి వచ్చింది. మోకాలెత్తున రాళ్ళు వరసగా పాతితే భ్రమరాంబ టార్పాలిన్‌కు చక్కని ప్రహరీ అయింది. ప్రద్యుమ్న బస్సు సంగతే మర్చిపోయాడు. టార్పాలిన్‌కు హరిత ధ్రువీకరణ అంటే ఎక్కడా విననిది, తన పేరు మోగిపోతుంది. అక్కడే దరఖాస్తు నింపి, భ్రమరాంబ సంతకం తీసుకుని, తుపాకీ తీసి మర మీద గురిపెట్టాడు. అది కుయ్యోమంది.

"మేడమ్, మీ షెడ్డులో వినియోగం చాలా ఎక్కువగా ఉంది. ఈ మరే సమస్య."

"మరేం చెయ్యమంటావు?"

"నియమావళి ప్రకారం దీన్ని మీ సరిహద్దు బయటికి తరలించాలి."

"బయటంటే యాడికి బాబూ? పక్కనే ఖాళీ మేడ ఒకటుంది. అందులో మొదటి షాపుంది. కాగితాల్లో నాదే."

ప్రద్యుమ్న కలం ఆగింది. అతను అటు భవనం వంక, ఇటు టార్పాలిన్ వంక చూశాడు. పేజీ తిప్పాడు. నూట పదమూడులో ఉండనే ఉంది. ఒక నిర్మాణమునకు చెందిన వినియోగము మరియొక నిర్మాణమున జరిగినచో అది అతిథి వినియోగము. దానిని ఏ నిర్మాణపు లెక్కలోనూ చేర్చరాదు. అయినా మంచిదని మండలికి రాశాడు. అయిదు రోజుల్లో జవాబొచ్చింది: అభ్యంతరం లేదు, ఇట్టి వినూత్న ఆలోచనను ప్రోత్సహించవలెను.

ఆ ఉత్తరాన్ని పట్టాభిరామయ్య గారు మూడుసార్లు చదివారు. చదివినంతసేపూ ఆయన మొహం రంగులు మారింది.

"అంటే మర లోపల ఆడుతుంది. కరెంటు లోపలే ఖర్చవుతుంది. అయినా అది ఎవరిదీ కాదు."

"సీలు చూడండి బాబాయి గారూ. మండలిదే."

సీలు మండలిదే. ఆయన జీవితంలో సీలుకు ఎదురు చెప్పలేదు. జేబులోంచి కాగితపు పొట్లం తీసి, విప్పి, ఫ్యూజు ఆమె చేతిలో పెట్టారు.

ఖాజావలీ, ఇంకో నలుగురూ పట్టి మరను షాపులోకి చేర్చారు. బెల్టు తగిలించి, భ్రమరాంబ స్టార్టరు నొక్కింది. మోటారు ఒకే శ్రుతిలో అందుకుంది. గుడ్డ గొట్టంలోంచి మొదటి దోసెడు ఎర్రగా, ఆమెకు తెలిసిన ఎరుపులో, దిగింది. "అబ్బ! ఇదీ కారమంటే," అని ఆమే అనుకుని, ఆమే నవ్వుకుంది. వారం తిరక్కుండానే మిగతావాళ్ళూ షామియానాల చుట్టూ నాపరాళ్ళు పాతుకుని, దరఖాస్తులు పెట్టుకుని, ఫ్రిజ్‌లతో కుర్చీలతో ఎవరి గదుల్లోకి వాళ్ళు అతిథులుగా వచ్చేశారు. ఏసీలన్నీ నడిచాయి. కాగితం మీద భవనం వినియోగం సున్నా నుంచి అంగుళం కదల్లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం షాపు ముందు ఇరవైమంది వరసలో ఉండగా పట్టాభిరామయ్య గారు వచ్చారు. భుజాన గోనెసంచి. మొహాన చెమట.

"మా ఇంట్లో ఆవిడ ఆవకాయకు పంపించిందమ్మా. ఐదు కిలోలు. తొడిమలు తీసే ఉన్నాయి."

భ్రమరాంబ సంచి వంక చూసింది గాని చెయ్యి చాపలేదు.

"ఇక్కడ తీసుకోగూడదు బాబాయి గారూ."

"ఏం?"

"అందరూ రాళ్ళు పాతుకున్నారు, మీరు పాతుకోలేదు. ఈ మేడలో మేడ మనిషంటే ఇయ్యాల మీరొక్కరే. మీ కాయలు ఈ గుమ్మంలో తీసుకుంటే అది మేడ వినియోగం అయిపోద్ది. రేపెవరన్నా రాస్తే ఆకులూడబీకుతారు. మీరు గేటు బయటికి పోయి, చుట్టూ తిరిగి, నా టార్పాలిన్ కాడికి రండి. నేనూ అక్కడికొచ్చి తీసుకుంటా. అప్పుడవి షెడ్డు కాయలైతయ్. అతిథిగా తెచ్చి ఇక్కడ ఆడిస్తా."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పట్టాభిరామయ్య గారు నవ్వలేదు. దీర్ఘంగా ఆలోచించారు.

"నూట పన్నెండో పేజీ ప్రకారమా?"

"నూట పదమూడండీ."

"అవును. సక్రమంగానే ఉన్నది," అన్నారాయన, ఆమె వంక కొత్తగా, ఇంచుమించు గౌరవంగా చూస్తూ. "నిబంధన నిబంధనే."

సంచి భుజం మార్చుకుని గేటు దాటారు. ప్రహరీ వెంబడి, నెత్తిన నలభై నాలుగు డిగ్రీల ఎండలో, గోడ నీడ కూడా లేని వైపు నుంచి నడిచి టార్పాలిన్ చేరుకున్నారు. అక్కడ ఎవరూ లేరు. ఆయన సంచి కింద పెట్టి, నాపరాళ్ళ వెలుపల, తన వంతు కోసం ఒక్కరే వరసలో నిలబడ్డారు.